ప్రేమాభిమానాలతో

“శనివారాలు మా ఆవిడకి కాస్త కాలక్షేపంలెండి. పాత కాలేజీకి వెళ్లి పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పొస్తుంటుంది” అని మా ఆయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ అంటున్నప్పుడు నేను ఆయన నల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాను. కోటు ఇస్త్రీ అంత తేలికేం కాదు. నేరుగా పెట్టె పెడితే గుడ్డ మెరుపెక్కి అసహ్యంగా తయారవుతుంది. పైన తడిగుడ్డ పరవాలి, కాలరు దగ్గర వేలితో అదిమిపట్టి మడత తిప్పాలి. నాకూ ఒక కోటుంది, బీరువాలో పాత దుప్పట్ల కింద. దానికి ఇస్త్రీ చేయాల్సిన అవసరం చాలా ఏళ్లుగా రాలేదు. కాలక్షేపం అన్న మాట చెవిన పడ్డప్పుడు పెట్టెని ఒక్కచోటే ఆనించి ఉంచేసినట్టున్నాను, తడిగుడ్డ సుయ్యిమంది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే, జాగ్రత్త అన్నట్టు చెయ్యి ఊపాడు. నాకు కాదు, కోటుకి.

ఆ కాలక్షేపం కోసం నేను శనివారం నాలుగున్నరకే లేస్తాను. రెండు పూటలకీ వంట. అత్తగారి మాత్రలు పూటకొక గిన్నెలో. గుమాస్తా వస్తే ఇవ్వాల్సిన ఫైళ్లు వరసగా, ఏది ఏ కోర్టుకో పైన చీటీలు. సోమవారం కేసుల కాగితాలు శుక్రవారమే పూర్తిచేసేస్తాను, లేకపోతే శనివారం గుమ్మం దాటనివ్వరు. ఇంతా చేసి పదింటికి చెప్పులేసుకుంటుంటే మా అత్తగారు హాల్లో కుర్చీలోంచి, “అయితే సాయంత్రందాకా ఈ ఇంట్లో మంచినీళ్లిచ్చే దిక్కు లేదన్నమాట” అంటుంది. నీళ్లసీసా ఆవిడ మోచేతి పక్కనే ఉంటుంది. పెట్టింది నేనే. మొదట్లో ఏడుపొచ్చేది. తరవాత తరవాత ఏడవడం మానేసి లోపల్లోపల జవాబులు రాసుకోవడం అలవాటైంది. వకీలు బుర్ర కదా, ఎదుటి పక్షం ఒక మాట అన్నాక జవాబు తయారుచెయ్యకుండా ఊరుకోలేదు. ఆ జవాబులన్నీ ఒకచోట చేరిస్తే పెద్ద పుస్తకమే అవుతుంది. బయటికి మాత్రం “వచ్చేస్తానత్తయ్యా, నాలుగున్నరకల్లా” అంటాను.

మా ఆయన పేరున్న లాయరు. ఇంటి ముందుగది ఆయన ఆఫీసు. వెనక, పాత కూలరుకీ పరుపుల గుట్టకీ మధ్య, ఒక బల్లా కంప్యూటరూ ఉన్న చోటు నాది. ఆయన వాదిస్తాడు, నేను రాస్తాను. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని చేసింది కాదు, అలా అయిపోయింది. పెళ్లయిన కొత్తలో ఇద్దరం కలిసే కోర్టుకి వెళ్లేవాళ్లం, ఒకే స్కూటరు మీద, రెండు నల్లకోట్లూ నా ఒళ్లో. పాప కడుపులో పడ్డాక, “ఓ ఆర్నెల్లు కోర్టుకి రాకు, ఇంట్లోంచే చూసుకో” అన్నాడు. పాపకిప్పుడు పదిహేడేళ్లు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నా ఆర్నెల్లు ఇంకా పూర్తి కాలేదు. నేను రాసిన కాగితాల మీద కోర్టులో మెచ్చుకోళ్లు వస్తాయి. క్లయింట్లు ముందుగదిలో కూర్చుని, “సార్ రాతంటే రాతే, ఎదుటివాడికి నోట మాట రాదు” అంటుంటే నేను ట్రేలో టీలు పట్టుకొచ్చి ఎవరికి పంచదార వద్దో అడుగుతుంటాను. ఒకాయన మర్యాదకి, “మేడంగారేం చేస్తుంటారు?” అని అడిగాడు. “ఇల్లు చూసుకుంటుంది. నాక్కూడా కాస్త సాయం చేస్తుంటుందిలెండి” అన్నాడు మా ఆయన. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “వకాల్తాలో మీ పేరు కింద నా పేరు కూడా వేద్దామా?” అని. క్లయింటు తరఫున మేం ఫలానా లాయర్లం అని కోర్టులో ఇచ్చే కాగితం అది. అందులో పేరు లేనివాళ్లు ఆ కేసులో లేనట్టే. ఆయన చాలా ప్రేమగా నావైపు చూసి, “మనిద్దరం వేరా పిచ్చిదానా? నా పేరుంటే నీ పేరున్నట్టేగా” అన్నాడు. ఎవరి వాదనలో లొసుగు ఎక్కడుందో మూడో లైనుకల్లా పట్టేసేదాన్ని, ఆ మాటలో లొసుగు మాత్రం చెప్పలేక భోజనానికి కంచాలు పెట్టాను.

మూడేళ్ల కిందట నా పాత క్లాస్‌మేటు ఫోన్ చేసింది. చదువుకునే రోజుల్లో నా నోట్సులు చూసి రాసి గట్టెక్కిన మనిషి, ఇప్పుడు అదే యూనివర్సిటీ లా కాలేజీలో ప్రొఫెసరు. కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం పెట్టారనీ, లాయర్ని పెట్టుకునే స్తోమత లేనివాళ్లు వస్తారనీ, వాళ్ల కాగితాలు స్టూడెంట్లు తయారుచేస్తారనీ చెప్పింది. “వీళ్లకి రాయడం రాదే. నువ్వొచ్చి నేర్పవే. నాకు నేర్పించావుగా, వీళ్లెంత?” అంది. మా ఆయన కూడా సరేనన్నాడు, శనివారం కోర్టు లేదు గనక. అలా మొదలైంది. ఆ గదిలో బెంచీలు మేం చదువుకున్నప్పటివే, పంకా తిరిగినప్పుడు చేసే కిర్రు కూడా అదే. కానీ అక్కడి రిజిస్టర్లో నా పేరు పక్కన ‘న్యాయవాది’ అని ఉంటుంది. నేను అక్కడ పెట్టే సంతకం బ్యాంకులో పెట్టేదానికంటే కొంచెం పెద్దదిగా ఉంటుందని మా ప్రొఫెసరు ఏడిపిస్తుంది. నేను ఎవరి భార్యనో ఆ పిల్లలకి తెలియదు. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. మూడేళ్లలో నా బతుకులో నేను దాచుకున్నది అదొక్కటే.

ఆ శనివారం కేంద్రానికి ఒకావిడ వచ్చింది. నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. కుడిచేతికి కట్టు. అట్టపెట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానాలో పదకొండేళ్లు పనిచేసిందట, కార్ఖానా ఆమె బావగారిది, అంటే భర్త అన్నగారిది. అట్టలు కోసే మిషన్లో చెయ్యి పడి రెండు వేళ్లు పోయాయి. నష్టపరిహారం ఇవ్వమని ఎవరితోనో నోటీసు రాయించి పంపితే బావగారి లాయరు దగ్గర్నుంచి జవాబు వచ్చింది. దాన్ని పట్టుకుని ఇక్కడికొచ్చింది. నా స్టూడెంట్లలో ఒక కుర్రాడున్నాడు, గొంతు పెద్దది, అందరూ వాణ్ణి ‘మైకు’ అంటారు. జవాబు పైకి చదవమని వాడికిచ్చాను. కాగితం మడత విప్పగానే పైన అచ్చు వేసిన పేరు నాకు కనపడింది. మా ఆయన పేరు. ఆపరా అందామనుకునేలోపే వాడు మొదలుపెట్టేశాడు.

“ఫిర్యాదుదారు మా క్లయింటు కుటుంబ సభ్యురాలే తప్ప ఏనాడూ ఉద్యోగి కాదు. నియామక పత్రం లేదు. హాజరు పట్టీలో పేరు లేదు. జీతం లేదు. తన తీరిక వేళల్లో, తన ఇష్టంతో, ప్రేమాభిమానాలతో సాయం చేసేది. కుటుంబంలో ఒకరికొకరు చేసుకునే సాయాన్ని ఉద్యోగం అని పిలవడం కుటుంబమనే బంధాన్నే అవమానించడం.”

ఆ పేరా నాది. రెండు నెలల కిందట మా ఆయన చిత్తుకాగితం మీద, “కార్ఖానా ఓనరు తమ్ముడి భార్య. ఉద్యోగి కాదని కొట్టెయ్” అని గిలికి ఇచ్చాడు. నేను పొయ్యి మీద కుక్కరు పెట్టి మూడు కూతలకల్లా రాసేశాను. రాయడం కూడా కాదు, అంతకుముందు ఒక బేకరీ కేసుకి రాసిన పేరాకే మెరుగులు పెట్టాను. ‘ప్రేమాభిమానాలతో’ అన్న మాట దగ్గర ఆగి, భలే పడింది అనుకున్నాను కూడా. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టాను. మా ఆయన ఎప్పుడూ కాగితం చదవడు, ఇంటూ ఎక్కడుందో చూసి సంతకం గీకేస్తాడు. “నువ్వు రాశాక నేను చదివేదేముంది?” అంటాడు, దాన్ని నేను ఇన్నాళ్లూ పొగడ్తే అనుకున్నాను. చిత్తుకాగితంలో ఈవిడ వేళ్లు పోయిన సంగతి మూడో లైనులో ఉంది. నాకది ఒక విషయం, అంతే. వేళ్లు ఎవరివో, ఏ చేతివో నేను ఆలోచించలేదు.

మా క్లాసులో ఒక పిల్ల ఉంది, కళ్లజోడు పైకి తోసుకుంటూ ప్రతిదానికీ ఓ ప్రశ్న వేస్తుంది, దాని పేరు ‘సందేహం’ అని స్థిరపడిపోయింది. అది చెయ్యెత్తింది. “మేడం, నాకో సందేహం. జీతం లేదు కాబట్టి ఉద్యోగి కాదంటున్నారు. జీతం ఇవ్వనిదెవరు మరి? వాళ్లే ఇవ్వకుండా, ఇవ్వలేదు కాబట్టి ఉద్యోగి కాదు అంటే ఎలా మేడం?”

“రాసినాయన మహా గట్టోడు. చదువుతుంటే నాకే నిజమనిపించింది” అన్నాడు మైకు.

“గట్టోడేంటి, దుర్మార్గుడు” అంది సందేహం. “వీళ్లావిడ కూడా ఇంట్లో ప్రేమాభిమానాలతోనే చచ్చేలా చాకిరీ చేస్తుండుంటుంది.”

పిల్లలు నవ్వారు. కట్టుచెయ్యి ఒళ్లో పెట్టుకున్న ఆవిడ నవ్వలేదు. “నాకు వేళ్లు పోయినందుక్కూడా ఇంత బాధ లేదమ్మా” అంది నాతో. “మిషనుకేం తెలుస్తుంది. పొద్దున ఆరింటికి షట్టరు తీసేది నేను, ఆఖర్న వేసేది నేను. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకి పని నేర్పింది నేను. అదంతా తీరిక వేళల్లో ప్రేమతో చేశానంట. ఆ మాట చదివించుకున్నాక రెండు రోజులు అన్నం సయించలేదు.” నాకు తల కొట్టేసినట్టయింది. తలనొప్పిగా ఉందని చెప్పి, వచ్చేవారం చూద్దామని, అరగంట ముందే బయటపడ్డాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పోనీలే నాకు తెలియక రాశాను కదా అని నన్ను నేనే సముదాయించుకోబోయాను. తెలియకపోవడమేమిటి? నియామక పత్రం లేదు, హాజరు పట్టీ లేదు, జీతం లేదు. అదంతా నేను ఊహించి రాసిందా? వెనకగదిలో పరుపుల గుట్ట పక్కన కూర్చుని, నా బతుకునే చూసి రాసి, అవతలి పక్షానికి అమ్మేశాను. నామీద నాకే ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. దాచే విషయం కాదు. ఎదుటి పక్షం మనిషి నా క్లాసుకే వచ్చింది, నేను ఆ కేసులో రెండు వైపులా ఉండకూడదు అని. ఆయన టీవీలో ఆట చూస్తున్నాడు. “దానికంత కంగారెందుకు? నువ్వేమన్నా వకాల్తాలో ఉన్నావా? లేవు. నీకూ ఈ కేసుకీ సంబంధమే లేదు” అన్నాడు.

“అయితే వాళ్లకి సలహా చెప్పొచ్చా?”

ఆయన టీవీ సౌండు తగ్గించాడు. “వాళ్లకి ఎలా చెప్తావ్? నువ్వు ఈ ఆఫీసు మనిషివి కాదూ?”

“ఇప్పుడే సంబంధం లేదన్నారు.”

“అబ్బా, ఇంట్లో క్రాస్ ఎగ్జామినేషన్లొద్దోయ్” అని నవ్వాడు. తనకే ఏదో తట్టినట్టు నావైపు తిరిగాడు. “అయినా మంచిదేగా. మానకు, ఎప్పట్లాగే వెళ్లు. ఆ పిల్లకాయలు ఏం రాస్తున్నారో, సాక్షులు ఎవరెవరో కాస్త కన్నేసి ఉంచు. నువ్వేం చెయ్యక్కర్లేదు, ఊరికే విను. విన్నది వచ్చి చెప్పు.” ఎంత మామూలుగా అన్నాడంటే, వచ్చేటప్పుడు దారిలో బ్యాటరీలు పట్టుకురా అన్నట్టు అన్నాడు. నేను చెప్పనన్నాను. ఆయన మొహంలో నవ్వు పోలేదు గానీ కళ్లలోంచి తప్పుకుంది. “నీ శనివారాలకి నేనెప్పుడైనా అడ్డు చెప్పానా? ఒక్క చిన్న సాయం అడిగితే...” అని రిమోట్ అందుకున్నాడు. మా అత్తగారు కుర్చీలోంచి, “కట్టుకున్నవాడికి సాయం చెయ్యడానిక్కూడా రూలు పుస్తకం తిరగేస్తారా అమ్మా ఈ కాలంలో?” అంది.

ఆ వారమంతా నాకు ఇంట్లో గాలి ఆడలేదు. ఎటు తిరిగినా దారి మూసే ఉంది. నోరు మూసుకుని కేంద్రానికి వెళ్తే ఆ పిల్లల ముందు దొంగలా కూర్చోవాలి, విన్నదేదో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇంట్లో నా నోటివెంట జారకుండా ఉంటుందా? నా పేరా విరగ్గొట్టడం ఎలాగో వాళ్లకి నేర్పితే నేను రాసిపెట్టిన క్లయింటుకి ద్రోహం, అదీ నావల్ల కాదు. ఆ బావగారంటే నాకు ఏహ్యమే, అయినా లాయరుకి కొన్ని గీతలుంటాయి. చెప్పేసి తప్పుకుంటే నా శనివారాలు పోతాయి. వారంలో ఆ ఆరు గంటలు పోతే నాకింకేం మిగులుతుంది? కూలరూ, పరుపులూ, ఇంటూ గుర్తులూ. తప్పించుకోవడానికి నేను ఎవరికీ బందీని కూడా కాదు కదా, తలుపులన్నీ తీసే ఉంటాయి, మా ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచడు. ఏ జడ్జి ముందు నిలబడి ఫలానా బాధ అని చెప్పుకోను? సోమవారం నుంచి శుక్రవారం దాకా పదకొండు కాగితాలు రాశాను. పదకొండింటికీ ఇంటూ పెట్టాను. ఆయన సంతకాలు చేసి, “శనివారం సంగతి ఆలోచించావా?” అని అడిగాడు, రోజుకొకసారి, చాలా మృదువుగా.

శనివారం వచ్చింది. కట్టుచేతి ఆవిడ ముందే వచ్చి కూర్చుంది. సందేహం ఆరు పేజీలు రాసుకొచ్చి నాకు చూపించాలని తహతహలాడుతోంది. ప్రొఫెసరుని కూడా పిలిచాను. “ఆ కాగితాలు నాకు చూపించకు” అన్నాను. “చూడకూడదు. ఆ జవాబు రాసింది నేను. అందులో సంతకం చేసినాయన నా భర్త.”

పంకా కిర్రుమంటూనే ఉంది. సందేహం కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది. “ఆ పేరా కూడా మీరేనా మేడం?” అంది. ఔనన్నాను. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను, ఎందుకంటే అక్కడ కోపం లేదు, పోయినవారం తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గుపడుతోంది. నిజానికి అది సిగ్గుపడాల్సిన పనేం లేదు, అన్నదాంట్లో అక్షరం కూడా తప్పు లేదు.

కట్టుచేతి ఆవిడ మాత్రం నన్ను చాలాసేపు పరీక్షగా చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. “మీ ఆయన దగ్గరే పనిచేస్తారామ్మా?” అంది.

“ఆఁ.”

“ఎన్నేళ్లు?”

“పంతొమ్మిది.”

“పోన్లెండి. మీకైనా జీతం ఇచ్చారా?”

కోర్టుల్లో ఎంతోమంది సాక్షుల నోళ్లు మూయించిన ప్రశ్నలు రాశాను నేను. ఇంత చిన్న ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. లేదని తల ఊపాను. ఆవిడ ఎడంచేత్తో నా మోచేతి మీద తట్టింది, కొత్తగా పనిలో చేరిన పిల్లని తట్టినట్టు. అప్పుడు వచ్చాయి నాకు కన్నీళ్లు, అందరి ముందూ.

కేసుని ఇంకో లాయరుకి అప్పగించి, ప్రొఫెసరు నన్ను తన గదికి తీసుకెళ్లింది. “ఈ కేసు సంగతి తేలిపోయింది, దాన్ని నువ్వు ముట్టుకోవు. కానీ ఇక్కడ ఉండాలంటే ఇంకో మెలిక ఉందే” అని సొరుగులోంచి కేంద్రం నియమాల పుస్తకం తీసింది. ఇక్కడ నేర్పే లాయరు, కేసుల్లో కేంద్రానికి ఎదురుగా నిలబడ్డ ఏ ఆఫీసులోనూ ఉండకూడదు. ఆ ఆఫీసునుంచి విడిపోయినట్టుగానీ, అసలెప్పుడూ అందులో లేనట్టుగానీ ఆ ఆఫీసు లాయరు సంతకంతో కాగితం ఇవ్వాలి. “ఎవరే ఇంత మెలిక పెట్టి రాసింది?” అన్నాను ఒళ్లుమండి. “నువ్వే తల్లీ. రెండేళ్ల కిందట నువ్వే రాసిచ్చావ్” అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక అది నా చెయ్యి పట్టుకుని, “మీ ఆయన ఎక్కడిస్తాడులే. కొన్నాళ్లు రాకు. తరవాత చూద్దాం” అంది. తను కూడా అప్పుడే ఖాయం చేసేసుకుంది, రెంట్లో ఒకటి మానాలంటే నేను మానేది దీన్నేనని. ఎవరైనా అంతే అనుకుంటారు. తిరిగి వచ్చేటప్పుడు సందేహం బస్టాపుదాకా వచ్చింది. “వచ్చే శనివారం వస్తారా మేడం?” అని అడిగితే, “ఆఫీసులో రాజీనామా ఇవ్వాలి” అనేశాను. ఆ పిల్ల అలవాటు పోనిచ్చుకోకుండా, “చేర్చుకుంటున్నామని మీకెప్పుడూ కాగితం ఇవ్వలేదు కదా మేడం, మరి రాజీనామా ఎలా ఇస్తారు?” అంది. బస్సెక్కాక కూడా ఆ ప్రశ్న నా పక్క సీట్లోనే కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారు నిద్రపోయాక వెనకగదిలో కూర్చుని రాశాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఏ కాగితమూ రాయలేదు. సోమవారం పొద్దున్నే ఆయన కాఫీ తాగుతుంటే రోజూలాగే సంతకాల కట్ట ముందు పెట్టాను. ఆయన ఒక చేత్తో కప్పు పట్టుకుని, రెండో చేత్తో ఇంటూ ఉన్నచోటల్లా సంతకం గీకుతూ పేజీలు తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో చోట పెన్ను గాల్లో ఆగింది.

“ఇంటూ ఏదీ?”

“పెట్టలేదు. అవి రెండు కాగితాలు. ఏదో ఒకదాని మీద పెడితే చాలు. ఏదో మీరే చూసుకోవాలి.”

“నాకు టైమవుతోంది. ఏమిటో చెప్పు.”

చెప్పాను. మొదటి కాగితంలో, ఈవిడ పంతొమ్మిదేళ్లు ఈ ఆఫీసులో న్యాయవాదిగా పనిచేసింది, ఇక్కణ్ణుంచి కోర్టుకి వెళ్లిన కాగితాలన్నీ ఆవిడ రాసినవే, నేటితో విడిపోతోంది అని ఉంది. రెండోదాంట్లో, ఈవిడ ఈ ఆఫీసులో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు, ఇక్కడి ఏ కాగితమూ ఆవిడ రాసింది కాదు, ఇక ముందు కూడా రాయదు అని ఉంది.

ఆయన పెద్దగా నవ్వాడు. “ఉద్యోగమిస్తే కదా రాజీనామా! ఎవరన్నా వింటే నవ్విపోతారు.”

“అయితే రెండోదాని మీద పెట్టండి.”

నవ్వు సగంలో ఆగింది. ఆయన లాయరు. సంతకమంటే ఏమిటో నాకన్నా ఆయనకే బాగా తెలుసు. మొదటిదాని మీద పెడితే ఇన్నేళ్ల పేరు ఎవరిదో ఆయన చేతిరాతతోనే ఒప్పుకున్నట్టు. రెండోదాని మీద పెడితే రేపటినుంచి ఆ కట్టలో ఒక్క కాగితం కూడా ఉండదు, అడగడానికి నోరుండదు. “దేనిమీద పెట్టినా నువ్వు వెళ్లిపోయేట్టే ఉందిగా. ఇంక తేడా ఏముంది?” అన్నాడు. గొంతులో ఆ మృదుత్వం లేదు.

“నాకేం లేదు. మీకే ఉంది.”

“ఏమిట్రా అది, కాఫీ చల్లారిపోతోంది” అంది మా అత్తగారు హాల్లోంచి. నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. కూర్చోమని ఆయన అనలేదు, నేను కూర్చోలేదు. ఆయన కప్పు కింద పెట్టాడు. జేబులోంచి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని, మొదటి కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. వేలు మొదటి లైను మీద ఆనించాడు. పంతొమ్మిదేళ్లలో నేను రాసినదాన్ని ఆయన చదవడం అదే మొదటిసారి.